నలభై మూడో నంబరు టేపు

ఆవిడ అసలు పేరు ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. అందరికీ ఏడున్నరమ్మే. పందొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం ఏడున్నరకు లోకల్ కేబుల్ చానల్లో వార్తలు చదివేది ఆవిడే మరి. చదవడమొక్కటేనా? పొద్దున్నే మైకు పట్టుకుని ఊరంతా కాళ్ళరిగేలా తిరిగి ఆ వార్తలు తెచ్చేదీ ఆవిడే. నీళ్ళు రాని వీధి, కూలిన గోడ, ఆసుపత్రి వార్డులో ఎలుకలు, అన్నీ తెచ్చి, మధ్యాహ్నం రాసి, సాయంత్రం మొహానికింత పౌడరు అద్దుకుని కూర్చునేది. కెమెరాకు నడుము పైభాగమే కనబడుతుంది గనక బల్ల కింద కాళ్ళకు అవే బురద చెప్పులు. టీవీలో కనిపించేవాళ్ళకేం తక్కువని చుట్టాలు ఒకటే కుళ్ళుకునేవారు. ఒక్కసారి వంగి ఆ బల్ల కిందకి చూసుంటే తెలిసేది.

ఆవిడకు పేరు తెచ్చింది దారం మిల్లు అగ్నిప్రమాదం. పదహారేళ్ళ కిందటి మాట. నలుగురు కార్మికులు పోయారు. ఏడున్నరమ్మ మూడు రోజులు మిల్లు గేటు వదల్లేదు. మూడో రోజు యజమాని కారు దిగగానే మైకు మూతి దగ్గర పెట్టింది.

"పోయినవాళ్ళ పిల్లల సంగతేంటి సార్?"

ఆయన పక్కకి తప్పుకుని లోపలికి పోబోయాడు. ఈవిడ వదిలితేనా. చివరికి కెమెరాలోకి చూసి, పిల్లలకు పద్దెనిమిదేళ్ళు నిండగానే ఇంటికొకరికి పర్మినెంటు ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ మాట ఆయన నోట చెప్పించింది ముమ్మాటికీ ఆవిడే, కాదనడానికి లేదు. ఆ ఏడాది చానల్ వార్షికోత్సవంలో ఉత్తమ రిపోర్టరని షీల్డిచ్చారు. ఊరు నెత్తిన పెట్టుకుంది.

పోయిన నెలలో ఒకావిడ, బక్కపల్చటి కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియో మెట్ల మీద కూర్చుంది. పోయిన నలుగురిలో ఒకతని భార్య.

"ఆ రోజు మైకు పట్టుకుంది మీరే కదమ్మా. ఇదిగో, రెండేళ్ళ పిల్ల అప్పుడు. మొన్ననే పద్దెనిమిది నిండాయి" అంది.

పెద్ద యజమాని పోయాడు. కొడుకేమో, మా నాన్న అలా అన్నట్టు రుజువేదని అడుగుతున్నాడు. మిగతా మూడు కుటుంబాలూ ఎప్పుడో ఊరొదిలి పోయాయి. కార్మిక శాఖ అధికారి సోమవారం దాకా గడువిచ్చాడు.

"ఆ టేపొక్కటి ఇప్పించండమ్మా. మిల్లులో పనొస్తే ఇది నాలాగా ఇళ్ళమ్మట గిన్నెలు తోమక్కర్లేదు."

"సోమవారం మీ చేతిలో పెడతాను, నిశ్చింతగా వెళ్ళండి" అంది ఏడున్నరమ్మ. అనడానికేం, నోరు తిరిగిన మనిషి.

వెంటనే స్టోరు గది తలుపు తీసింది. ఆ రోజుల్లో చానల్లో టేపులకు మహా కరువు. టీవీలో వేసిన టేపు మీద వారం తిరక్కుండా మళ్ళీ రికార్డు చేసేవారు. మిగిలితే బయట షూటింగు చేసి తెచ్చిన అసలు టేపే మిగలాలి. రిజిస్టరు దుమ్ము దులిపి వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. నలభై మూడు: మిల్లు, యజమాని మాటలు. తన చేతిరాతే. హమ్మయ్య అనుకుంది. అప్పుడు కనబడింది, ఆ వరసకు అడ్డంగా గీత. గీత పక్కన ఇంకో ముక్క: వార్షికోత్సవం, సొంతానికి. అదీ తన చేతిరాతే.

అంతా గుర్తొచ్చింది. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆ సభకు రాలేకపోయింది. ఇంట్లో చూస్తే సరిపోదు, దాచుకోవడానికి కావాలంది. సభ టీవీలో నేరుగా వెళ్తోంది, రికార్డింగు లేదు. ఖాళీ టేపు లేదక్కా అన్నాడు కెమెరామన్. తనే ర్యాకులోంచి ఒకటి లాగి చేతిలో పెట్టింది.

"ఇది టీవీలో వచ్చేసిందిలే. దీని మీద కొట్టెయ్."

ఇంట్లో బీరువాలో, షీల్డు పక్కనే దొరికింది ఆ టేపు. తెచ్చి పాత ప్లేయర్లో పెట్టింది. తెర మీద సన్నగా, నవ్వుతూ తను. చానల్ చీఫ్‌కు కృతజ్ఞతలు, కెమెరామన్‌కు, ఎడిటర్‌కు, అమ్మకు, ఆఖరికి ఆఫీసులో టీ పోసే పెద్దాయనకు కూడా. చప్పట్లు. తర్వాత గీతలు గీతలుగా బొమ్మ కదిలి, పాతది అడుగున మిగిలిన మూడు సెకన్లు. మిల్లు గేటు, యజమాని మొహం.

"చాలామ్మా?"

"చాలు సార్, థాంక్యూ."

అంతే. ఆ మూడు సెకన్లూ ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసిందో లెక్కలేదు. వాటికి ముందు యజమాని అన్న మాట ఒక్కటీ లేదు.

సోమవారం ఉత్త చేతులతోనే వెళ్ళింది. మొహం చాటేస్తే ఎవరడిగేవారు? అయినా వెళ్ళింది, ఆ మాత్రం ఒప్పుకోవాలి. కార్మిక శాఖ గదిలో ఒకవైపు మిల్లు లాయరు, ఒకవైపు తల్లీకూతుళ్ళు. పెద్ద యజమాని మాటిచ్చాడు, నా చెవులతో విన్నానని చెప్పింది ఏడున్నరమ్మ.

"టేపుందన్నారు కదా?" అన్నాడు అధికారి.

"చెరిగిపోయిందండి."

"ఎలా?"

"నేనే చెరిపేశాను. దాని మీద వేరేది రికార్డు చేయించుకున్నాను."

"ఏంటది?"

"నాకు అవార్డిచ్చిన సభ."

"దేనికిచ్చారు?"

"ఈ వార్తకేనండి."

మిల్లు లాయరు నవ్వాపుకోవడానికి కాగితాలు సర్దుకున్నాడు. అధికారి పెన్ను మూత పెట్టేశాడు. నోటి సాక్ష్యంతో నేనేం చెయ్యలేనమ్మా అన్నాడు.

బయట బస్టాపులో ఏడున్నరమ్మ ఆ తల్లి చేతులు పట్టుకుంది. తిడితే బాగుండునని ఉంది. రెండు తిట్లు తింటే కాస్త తేలికపడేది. ఆవిడ తిట్టలేదు.

"ఆ సభ మేమూ చూశామమ్మా, పక్కింట్లో టీవీలో. మీరందరి పేర్లూ చెబుతున్నారు కదా, మా ఆయన పేరు కూడా చెబుతారేమోనని దీన్ని ఒళ్ళో పెట్టుకుని ఆఖరిదాకా కూర్చున్నా."

బస్సొచ్చింది. కూతురు అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ ఎక్కి వెళ్ళిపోయారు.

స్టూడియోకి రాగానే ఏడున్నరమ్మ ఈ సంగతంతా కాగితం మీద పెట్టి, సాయంత్రం వార్తల్లో చదువుతానంది. చీఫ్ రెండుసార్లు చదివి కాగితం వెనక్కిచ్చాడు.

"మిల్లువాళ్ళు మన మీద పడతారు. రుజువుందా?"

ఏడున్నరకు పౌడరు అద్దుకుని కూర్చుని, నీళ్ళు రాని వీధి గురించి చదివింది.