చెల్లి గొంతులో నా పాట

నా చెల్లి పుస్తకాలు చదవదు. హిందీ మీడియంలో చదివిన మా రైల్వే కాలనీ పిల్లలందరిలాగే దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నాకు మాత్రం అమ్మ చర్చి పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్షరాలు నేర్పింది. ఇనుపరాయి గనులకెళ్ళే కిరండూల్ రైలు లైను మీద ట్రాక్ పని చేసే నాన్న, విశాఖ వెళ్ళినప్పుడల్లా నాకో కథల పుస్తకం తెచ్చేవాడు. మా ఇంట్లో పాట కట్టడం ఎవరికైనా వస్తే నాకే రావాలని అనుకునేదాన్ని. వచ్చింది చెల్లికి.

బట్టల మీద పడిన ఎర్రటి ఇనుపరాయి ధూళి దులుపుతూ ఏదో కూనిరాగం తీసేది. బట్టలారేసే తీగ నిండేసరికి పల్లవి తయారు. తెలుగు మాట దొరకనిచోట హిందీ పెట్టేది, చుట్టుపక్కల పల్లెల్లో మాట్లాడే హల్బీ పెట్టేది. ఇదీ ఒక పాటేనా అని నేను మూతి తిప్పుకునేదాన్ని. ఆదివారం చర్చిలో సంఘమంతా చప్పట్లు కొడుతూ అదే పాడేది. చప్పట్లు నేనూ కొట్టేదాన్ని, చప్పుడు రాకుండా.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. కొత్త పాట కట్టినవాళ్ళు ముందుకొచ్చి, ఢోలక్ కూడా లేకుండా, ఒకసారి మొత్తం ఒంటరిగా పాడాలి. రెండోసారి నుంచే అందరూ అందుకుంటారు. తెలుగు చదివేవాళ్ళు తక్కువ కాబట్టి కాగితాల గొడవ లేదు. మొదట పాడినవాళ్ళదే పాట. నేనేమో కిరాణా కొట్లో రెండోసారి అడగాల్సొస్తే సరుకు లేకుండా తిరిగొచ్చే మనిషిని.

అయినా ఆ క్రిస్మస్‌కి నేనో పాట కట్టాను. మాటలూ నావే, వరసా నాదే. కాలేజీ బస్సులో కిటికీ వైపు తిరిగి పెదాలు కదపకుండా కట్టుకున్న పాట. దాన్ని నలుగురి మధ్యా వినాలనే కోరికతో, చివరికి చెల్లినే పాడమన్నాను. నేను వారాల తరబడి సరిచేసుకున్న వరస దానికి చపాతీలు కాలేలోపు వచ్చేసింది.

పండగనాడు అది ముందుకొచ్చి పాడింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కళ్ళు తుడుచుకుని, "దేవుడు నీకు మంచి వరమిచ్చాడమ్మా" అన్నారు.

"నాది కాదండి, అక్క కట్టింది" అంది చెల్లి, వెంటనే.

ముందు వరసలో ఆడవాళ్ళు నవ్వేశారు. మా పక్క క్వార్టరు పిన్నిగారు, "సూడండి, అక్కంటే ఎంత ఇదో దీనికి! తన పాట కూడా రాసిచ్చేస్తంది" అంది.

"నిజెంగానే పిన్నీ!"

"సర్లేవే, తెలిసిందిలే."

చెల్లి నా వైపు చూసింది. నేను లేచి అవునంటే సరిపోయేది. తల వంచుకుని కూర్చున్నాను. అది తన పాటేనని అబద్ధమాడి ఉంటే ఎంత బాగుండేదో. నా కోపానికి ఒక చోటు దొరికేది.

తర్వాతి ఆదివారం ఆ పాట నేనే పాడతానన్నాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమో అని. ముందుకెళ్ళి, నేలను చూస్తూ పాడాను. రెండో చరణంలో వరస పైకెళ్ళేచోట గొంతు చీలిపోయింది. అయినా ఆపకుండా పూర్తి చేశాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే పిన్నిగారు నా భుజం తట్టింది. "నీ సెల్లి పాట నువ్వు కూడా పర్లేదే గుంటా, బాగానే పాడేవు."

ఇంటికొచ్చి ఆ రోజంతా చెల్లితో మాట్లాడలేదు. పిన్నిగారి మాట కంటే ఇంకొకటి ఎక్కువ బాధపెట్టింది. ఆ వరస నా గొంతుకు అందదు. బస్సులో కట్టుకున్నన్నాళ్ళూ నాకు లోపల వినపడింది నా గొంతు కాదు, చెల్లిది. నాకు తెలియకుండా దానికోసమే కట్టాను.

తర్వాతి పాటను బయటికి వినపడేలా పాడుకుంటూ కట్టాను, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వంటగది తలుపు వేసుకుని. నా గొంతు ఎక్కడ ఆగితే వరసనూ అక్కడే ఆపాను. పుస్తకాల్లో మాటలు కొన్ని నోట్లోనే విరిగిపోతుంటే తీసేశాను. పాట చిన్నదైంది. వరస కిందే తిరుగుతూ, మాట్లాడినట్టుగా నడిచింది.

ఒకరోజు నేను పాడుకుంటుంటే చెల్లి బట్టల బకెట్ కింద పెట్టి, అలవాటు ప్రకారం గుమ్మం అవతల నుంచే విని అందుకుంది. పల్లవి దాటింది. చరణంలో దానికి గాలి తప్ప శబ్దం రాలేదు.

"ఇదేటక్కా, ఇంత కిందికెట్టేసేవు?"

"నా గొంతు అక్కడే ఉంది మరి."

పైకెత్తి మళ్ళీ పాడింది. ఏదో పెళ్ళి ఊరేగింపులా వినిపించింది. దానికీ నచ్చలేదు, మధ్యలోనే ఆపేసింది.

"పైకెత్తితే సందడైపోతంది. బాగోలేదు."

"అవును."

మళ్ళీ బకెట్ అందుకుంది. "అయితే నువ్వే పాడుకోవాలి" అంది.

ఆ మాటలో కొంచెం ఉడుకుమోతుతనం ఉంది. దాని చేత ఇంకోసారి ఆ మాట అనిపించుకోవాలనిపించి, వినపడనట్టు "ఏటీ?" అన్నాను.