గంజి పెట్టిన పులితోలు

చిన్న ముచ్చట చెప్త. మీ చాయ్ ఆరకముందే అయిపోతది. ఉద్యమం రోజులల్ల తంగళ్ళపల్లి రోడ్డు మీద ఊరందరి ముందర నా గోచి ఎట్ల పోయిందో చెప్త, అంతే. కాని దానికంటె ముందు మా బావ సంగతి తెల్వాలె.

మా బావ గంగాధర్ నా భార్య పద్మకు సొంత అన్న. కోరుట్ల నుంచి వచ్చి మా గల్లీలనే సాంచెలు, అంటె మరమగ్గాలు, పెట్టుకున్నడు. లంగాల గుడ్డ నేపిస్తడు. మనిషి మంచోడే. కాకపోతే చిన్నప్పుడు జగిత్యాల బస్టాండుల బొమ్మల కథల పుస్తకాలు చదివి చెడిపోయిండు. కోతుల నడుమ పెరిగి, ఊడలు పట్టుకొని ఊగే అడవి వీరుడు ఉంటడు గద, పిల్లలందరు ఆయన కోసం చదివేటోళ్ళు. మా బావకు మాత్రం ఆయన కొడుకంటే పానం. గా కొడుకు పట్నంల పెరుగుతడు, అడవికి వస్తడు, జంతువుల భాష నేర్చుకుంటడు, నాయినను మించినోడు అయితడు. బావ వాళ్ళ నాయినకు కోరుట్లల పెద్ద పేరుండేది. బావకు లేదు. రెండింటికి సంబంధమున్నదని నేను అనలేదు, మీరు అనుకుంటే నన్నేం చెయ్యమంటరు.

తెలంగాణ ఇస్తమని ఢిల్లీ చెప్పింది, మళ్ళ వెనక్కి తీసుకున్నది. ఇగ రోజూ రాస్తారోకోలే. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుడు, అక్కన్నే కూసొని తినుడు, ఆట, పాట. వంటావార్పు అన్నరు దాన్ని. మా గల్లీల కొందరు మొగోళ్ళకు ఉల్లిగడ్డ కొయ్య వస్తదని వాళ్ళ ఇండ్లల్ల ఆడోళ్ళకు అప్పుడే తెలిసింది.

మా వాళ్ళ వంటావార్పు కోసం బావ ఒక నాటకం రాసిండు. అడవి అంటే తెలంగాణ. అడవి వీరుడు ముసలోడైండు, అడవిని వేరేటోళ్ళు గుంజుకున్నరు. పట్నంల పెరిగిన కొడుకు వచ్చి, జంతువులన్నిటిని పిలిచి అడవిని విడిపిస్తడు. నాయిన వేషం బావదే. కొడుకు వేషానికి మనిషి దొరకలే. గోచి కట్టాలంటే పోరగాళ్ళందరికి ఆ రోజే పని పడ్డది.

నేను ఊకోవాలె గద. ఊకోలే. "బావ, నీ పొట్ట చూస్తె అడవిల పెరిగినట్టు లేదు, అడవిని మింగినట్టున్నది" అన్న. గల్లీ అంత నవ్వింది. బావ నవ్వలే.

"అయితె కొడుకు వేషం నువ్వే కట్టు. నాటకం ఆఖరి దాక ఆడితివా, జీవితమంత నన్ను ఏమన్న పడుత. నడుమ ఆగిందో, తెలంగాణ వచ్చేదాక ఈ ఊళ్ళ ఎవ్వరినీ ఒక్క మాట అనొద్దు."

నాకు భూమి లేదు. సాంచె లేదు, బావ సాంచెల మీదనే కూలికి నేస్త. ఉన్న ఒక్క ఆస్తి నోరు. పద్మ నా అంగీ పట్టి గుంజింది. "ఒప్పుకోకు. ఒక్క పూట మాట్లాడకుంటె నీకు జరమొస్తది" అన్నది. నేను బావ కంటె వయసుల పెద్ద, అయినా ఆయన కొడుకు వేషానికి ఒప్పుకున్న.

బావ లంగాల గుడ్డకే పసుపురంగు అద్ది, నల్లచుక్కలు పెట్టి పులితోలు చేసిండు. కట్టుకుంటె పులితోలు లెక్క లేదు, బాలింత చీర లెక్క మెత్తగ వేలాడుతున్నది. అప్పుడు నాకు తెలివి పుట్టింది. మా నాయినది చేనేత మగ్గం. పడుగు దారాలు బిర్రుగ ఉండేటందుకు గంజి పెట్టేటోడు. నేనూ నూకలు, జొన్నపిండి కలిపి చిక్కగ కాచి, గుడ్డను అండ్ల ముంచి, ఎండల ఆరేసిన. చెక్క లెక్క అయింది. గోడకు ఆనిస్తె నిలబడ్డది. బావ సుత మెచ్చుకున్నడు.

ఆ రోజు బస్సులు కదలకుండ గొడ్లను కూడ రోడ్డు మీదికి తోలుకరమ్మన్నరు. మా ఇంటి ఎనుక మల్లవ్వ తన బర్రెను తెచ్చి నాటకం పక్కకే కట్టేసింది. కట్టేసిన అన్నది. ముడి ఎట్లేసిందో ఆమెకే తెల్వాలె. మల్లవ్వ ఏ పనికైనా ముందు బర్రెను అడిగి, తర్వాత మొగన్ని అడుగుతదని నేను ఊరంత చెప్పి ఉన్న. ఆ కోపం మల్లవ్వకు ఉన్నదో, బర్రెకు ఉన్నదో.

నాటకం మంచిగనే నడిచింది. ఆఖరి ఘట్టం వచ్చింది. ఇగ నేను జంతువులను పిలువాలె, గొంగళ్ళు కప్పుకున్న ఎలుగుబంట్లు రావాలె, "మన అడవి మనకే" అని నేను అనాలె. అంతే, నాటకం అయిపోతది, నా నోరు నాకు మిగులుతది.

బావ రొమ్ము చరుచుకొని, "కొడుకా, అడవి భాష మరిచినవా? ఒక్కసారి పిలువు, చూస్త" అన్నడు.

నోటికి చేతులడ్డం పెట్టి కూత పెట్టిన. ఎవ్వరు రాలే. ఎలుగుబంట్లు బువ్వ కాడ లైనుల ఉన్నయి. మళ్ళ కూత పెట్టిన. మల్లవ్వ బర్రె లేచింది.

జనం రెండు పాయలైండ్రు. బర్రె నిమ్మళంగ నడిచి నా కాడికే వచ్చింది. ఈలలు, చప్పట్లు. బావ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "చూడుండ్రి, నా కొడుకు పిలిస్తె వచ్చింది" అన్నడు. పుస్తకాలల్ల చదివిందంత నిజమైందని అనుకున్నడు పాపం.

బర్రె ముందు వాసన చూసింది. తర్వాత నాకింది. తర్వాత పులితోలు కొస నోట్లె పెట్టుకొని నములుడు షురూ చేసింది.

నేను ఒక దిక్కు గుంజుతున్న, అది ఒక దిక్కు గుంజుతున్నది. గంజి నానితే ఏమైతది, గుడ్డ మెత్తబడ్డది, ముడి జారింది. రోడ్డు ఖాళీ చేపియ్యను వచ్చిన పోలీసులు లాఠీలు చంకల పెట్టుకొని అటు తిరిగిండ్రు. వాళ్ళ భుజాలు ఊగుతున్నయి.

మల్లవ్వ కూసున్న కాడి నుంచి లేవలే. "గుంజకు తమ్మీ, దాని పండ్లు ఊడుతయి. పొద్దుగాల కుడితి పెట్టలే దానికి" అన్నది.

ఇంకొక్క మాట అంటె చాలు, నాటకం పూర్తయితది. నాకు తెలుసు. బావ సుత పెదవులతోని అందిస్తున్నడు, మన అడవి, మన అడవి అని. కాని అప్పుడే గోచి పూర్తిగ పోయింది. పద్మ బలవంతాన తొడిగించిన చారల చెడ్డీ మిగిలింది. నా నోట్లెకెళ్ళి వచ్చిన మాట, "మల్లవ్వక్కా, నీ కాళ్ళు మొక్కుత, బర్రెను పట్టు."

నాటకం ఆగింది. బావ తీర్పు చెప్పిండు. నేను ఎదురు చెప్పలే, చెడ్డీ మీద ఉన్నోడు ఎదురేం చెప్తడు.

వచ్చే పండుగకల్ల తెలంగాణ వస్తదనుకున్న. రాలే. పండుగలు పోతనే ఉన్నయి. ఊళ్ళ ఎన్ని జరిగినయో, ఎవరు ఎవలతోని కొట్లాడిండ్రో, అన్ని చూసుకుంట నోరు మూసుకున్న. పద్మ చెప్పినట్టు నిజంగనే జరమొచ్చింది. నా నోరు జల్ది తెరుచుకోవాలని ఏ రాస్తారోకో అయినా ముందటి వరుసల కూసున్న. జగిత్యాల సభకు పోయిన, కోరుట్ల సభకు పోయిన. జనం చూసిండ్రు. ఈ మనిషి ఎవ్వరినీ పల్లెత్తు మాట అనడు, ఉద్యమంల ముందుంటడు అనుకున్నరు.

అంతల పంచాయతీ ఎన్నికలొచ్చినయి. నన్ను వార్డు మెంబరును చేసిండ్రు, పోటీ లేకుంట. నా పేరు చెప్పింది బావ.

తర్వాత తెలంగాణ వచ్చింది. నేను నోరు తెరిచిన.

మళ్ళ ఎన్నికలల్ల నిలబడ్డ. మల్లవ్వ గెలిచింది. నాకు రెండు ఓట్లు వచ్చినయి. ఒకటి నాది. రెండోది పద్మది కాదట.