ఆగండి, ఏదో కదిలింది

సోమవారం ఉదయం చర్చి గంట మోగింది. ఆదివారం కాని రోజున, ప్రార్థన వేళ కాని వేళలో, దెబ్బకూ దెబ్బకూ నడుమ అంత ఎడమిచ్చి మోగే గంటకు మా వీధిలో ఒకటే అర్థం. నేను వార్తాపత్రిక మడిచి గుమ్మంలోకి వచ్చేసరికి, ఎదురింటి బట్టల కొట్టు షావుకారు గారు రోడ్డు మీద నిలబడి ఉన్నారు.

"మాస్టారూ, మన కండక్టరు గారు ఎల్లిపోనారండి. అరుగు మీద కుర్చీలో కూసుని టీ తాగుతా తాగుతానే..."

నేను నమ్మలేదు. మొన్న శనివారం నా ముందు నడిచిన మనిషి. పైగా, ఎవరైనా ఒక్కమాట చెప్పగానే నమ్మేయడం తగదని ఇన్నేళ్లుగా నాకు నూరిపోసినది ఆయనే.

ఆయన నా పక్కింటివారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వెళ్లే బస్సులో ఉద్యోగకాలమంతా టికెట్లు కొట్టి విశ్రాంతి పొందారు. చర్చి పెద్దలలో ఒకరు. అనుమానం ఆయన స్వభావం. వాన లేదని వార్తల్లో చెబితే గొడుగు తెచ్చుకునేవారు. వాన ఉందని చెబితే ఇంట్లో వదిలి వచ్చేవారు. గ్యాసు బండను ఊపి చూడనిదే లోపలికి రానిచ్చేవారు కారు. అయితే ఆయన అనుమానం వల్ల ఎవరూ నొచ్చుకోగా నేను చూడలేదు. తనను అనుమానిస్తున్నారని గ్యాసు కుర్రవాడు కోప్పడితే, "నిన్ను కాదురా బాబూ, బండని" అనేవారు.

ఊరి చివర అటవీశాఖవారు ఒక పార్కు ఏర్పాటు చేశారు. సిమెంటు ఇటుకలు పరచిన బాట, కూర్చోవడానికి రాతిబల్లలు, వెనుక నుంచి కొండ మీదికి ఒక కాలిదారి. మొదటిసారి వెళ్లిన రోజున, ఆ కాలిదారి మొదట్లో నాటిన బోర్డు ముందు నేను ఆగిపోయాను. 'ప్రకృతి' అనే మాటను ఒత్తు లేకుండా రాసి, ప్రభుత్వ సొమ్ముతో రంగులు వేయించారు. ఎవరికి ఫిర్యాదు చేయాలా అని నేను ఆలోచిస్తుంటే, ఆయన పక్కన నిలబడి బోర్డును పైనుంచి కిందికి పరికించారు.

"తప్పు అచ్చరాల్లో కాదండి మాస్టారూ, దూరంలో ఉన్నాది. పై బండ దాకా కిలోమీటరంట! ఇది రాసినోడు నడిసేడేటి?"

పైకి చేరేసరికి నా మోకాళ్లు ఆయనతో పూర్తిగా ఏకీభవించాయి.

అప్పటి నుంచి ప్రతి శనివారం మేం ముగ్గురం, అనగా కండక్టరు గారు, షావుకారు గారు, నేను, తెల్లవారగానే బయలుదేరేవాళ్లం. ఎక్కువగా ఆ కొండదారికే వెళ్లేవాళ్లం. అప్పుడప్పుడు షేర్ ఆటో ఎక్కి నాతవరం వెళ్లి, తాండవ జలాశయం గట్టు వెంబడి నడిచేవాళ్లం. ఎక్కడికి వెళ్లినా ఆయన అందరికంటే వెనుకే నడిచేవారు.

"కండక్టరు సీటు ఎనకేనండి. ముందుకెల్లిపోతే ఎవడు దిగిపోనాడో తెలీదు."

బయలుదేరే ముందు మా ఇద్దరి ముఖాలనూ పరీక్షగా చూసేవారు. "టికెట్ నేనోడి మొగం నాను దూరాన్నుంచే పట్టెయ్యగలను" అనేవారు. ఒకసారి తాండవ గట్టు మీద షావుకారు గారు మామూలుకంటే హుషారుగా కబుర్లు చెబుతున్నారు. వెనుక నుంచి కండక్టరు గారు కేక వేశారు.

"షావుకారూ, ఆగవయ్యా. పొద్దున్న ఏటి తిన్నావు?"

"ఇడ్లీ తిన్నానండి."

"ఎన్ని?"

షావుకారు గారు జలాశయం వైపు తిరిగారు. చక్కెర వ్యాధి ఉన్న మనిషి. మాత్ర వేసుకుని, ఆలస్యమవుతుందని ఏమీ తినకుండా వచ్చేశారు. నుదురు చెమర్చింది. కండక్టరు గారు ఆయనను గట్టు మీద కూర్చోబెట్టి, సంచిలోంచి బిస్కెట్లు తీసి ఇచ్చారు.

"మీకు అనుమానం జబ్బండి" అని షావుకారు గారు నములుతూనే గొణిగారు.

"నా జబ్బుకి మందు నేదు. నీ జబ్బుకి బిస్కట్టున్నాది. బేగి తిను."

కొండదారి చివర ఒక చదునైన బండ ఉంది. అక్కడ నిలబడితే చింతపల్లి రోడ్డు కొండల దాకా కనబడుతుంది. ఉదయం బస్సు ఆ రోడ్డు మీద అగ్గిపెట్టెలా కదులుతూ వెళ్లేది. ఆయన ఉద్యోగమంతా గడిచిన బస్సు అదే. అది మలుపు తిరిగే వరకు ఆయన మాతో మాట్లాడేవారు కారు. సరిగ్గా మలుపు దగ్గర అరచేత్తో బండను రెండుసార్లు తట్టి, "రైట్" అనేవారు. బస్సు మలుపు తిరిగేది. దిగుదామా అని అప్పుడు అడిగేవారు.

గడచిన వానాకాలం తరువాత ఒక మార్పు వచ్చింది. ఆయన ముందు నడవడం మొదలుపెట్టారు.

ఉద్యోగ విరమణ తరువాత కూడా వెనుక సీటు వదలని మనిషి ఉన్నట్టుండి ముందుకు ఎందుకు వచ్చారు? అడిగితే, "ఎనకుండి మీ ఈపులు సూసి ఇసుగొచ్చీసినాదండి" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. తరగతి గదిలో, అడగగానే తడుముకోకుండా వచ్చే జవాబును నేను ఎన్నడూ నమ్మలేదు. పైగా, ఆయన ముందు నడవసాగాక మలుపు మలుపునా ఒకటే మాట.

"ఆగండాగండి! ఏదో కదిలినాది."

మేము కొయ్యబారి నిలబడేవాళ్లం. పొదల్లోకి చూసేవాళ్లం. ఎలుగుబంటేమోనని షావుకారు గారు నా భుజం పట్టుకునేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక, "'కదిలింది' అనాలండీ" అన్నాను.

"ముందు కదిలినదాన్ని సూడండి మాస్టారూ, తరవాత దిద్దుదురు గాని."

వారాల తరబడి చూశాను. తొండ కూడా కనబడలేదు. ఆయన మమ్మల్ని భయపెట్టి వినోదిస్తున్నారని నాకు అనుమానం కలిగింది. చూపు మందగించిందేమోనని ఇంకొక అనుమానం. అలా ఒక శనివారం, పెద్ద మలుపు దగ్గర, ఆయన చెయ్యెత్తి ఆపిన పొద పక్క నుంచే ఒక ఆడమనిషి లేచింది. కొండ మీది ఊళ్ల మనిషి. పక్కన విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు దింపుకుని అలసట తీర్చుకుంటోంది.

"ఏటి బాబూ, అందరూ ఇలాగ నిలబడిపోనారు?"

"అక్కడేదో కదిలినాదంటమ్మా" అన్నారు షావుకారు గారు.

"ఏటీ నేదు బాబూ. ఇందాకట్నుంచి నానిక్కడే కూసున్నాను కదా. ఆకు కూడా కదల్నేదు." నవ్వి, మోపు నెత్తికెత్తుకుని దిగిపోయింది.

అప్పుడు నేను పొద వైపు చూడడం మాని ఆయన వైపు చూశాను. ఒక చెయ్యి చెట్టు మొదలును ఆనుకుని ఉంది. పెదవులు బిగించి ఉన్నాయి. చలిగాలిలో చెవి పక్క నుంచి చెమట కారుతోంది. ఏదో కదిలిందని మమ్మల్ని ఆపిన మనిషి కళ్లు మూసుకుని ఉన్నారు.

బండ మీదికి చేరాక, షావుకారు గారు ఫోనుతో ఫొటోలు తీసుకోవడానికి పక్కకు వెళ్లినప్పుడు, నేను నెమ్మదిగా అన్నాను: "కండక్టరు గారూ, టికెట్ లేనివాడి ముఖం ఇవాళ నేనూ చూశాను."

ఆయన బండ అంచున కూర్చున్నారు. తరువాత నవ్వారు. "ఆకరికి చెకింగోల్లకి దొరికిపోనాను."

"డాక్టరు ఏమన్నారు?"

"గుండి పెద్దదైపోనాదంట. మందులకి తగ్గేది కాదంట. మెట్లెక్కొద్దన్నాడు. మరి మనం ఎక్కేవి మెట్లు కావు కదండి."

"ఇంట్లో తెలుసా?"

"పార్కులో సిమెంటు బాట సుట్టూ తిరుగుతన్నానని సెప్పేను. ఇక్కడికొస్తన్నానని ఆవిడికి తెలిస్తే పార్కు గేటు కూడా మూసీస్తాది." రోడ్డు వైపు చూపించారు. "ఈ బస్సు సూడకపోతే వారమంతా ఏదో మరిసిపోయినట్టుంటాది మాస్టారూ. మీరు సెప్పెస్తారేటండి?"

చెబితే ఆయన శనివారాలు పోతాయి. చెప్పకపోతే ఏది పోతుందో ఇద్దరికీ తెలుసు. బస్సు వచ్చింది. మలుపు దగ్గర ఆయన బండను తట్టారు. బస్సు కనుమరుగయ్యాక నా షరతు చెప్పాను. ఇకమీదట ఆగమని చెప్పేది నేను. ఆయాసం వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. ఎదురు చెప్పడానికి వీల్లేదు. ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థిలా తల ఊపారు.

ఆనాటి నుంచి మలుపు మలుపునా నేనే అన్నాను: "ఆగండి, ఏదో కదిలింది." వ్యాకరణం మెరుగుపడిందని ఆయన షావుకారు గారితో చెప్పి నవ్వేవారు. షావుకారు గారు మాత్రం ప్రతిసారీ నిజాయితీగా భయపడేవారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన భార్య గేటు దగ్గర నన్ను ఆపారు.

"మాస్టారండీ, మీరు అబద్దం ఆడరని ఊరంతా సెప్పుకుంటారు. మా ఆయన ఆ పార్కు దాటి ఎల్తన్నారా?"

"ఆయన వెంట నేనుంటున్నానమ్మా" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూశారు. అడిగిన ప్రశ్న ఒకటి, రాసిన జవాబు మరొకటి అయినప్పుడు నేను పిల్లలను అలాగే చూసేవాణ్ణి. చివరికి, "ఉండండి మరి" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ రెండు మాటలూ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆమెకు ఎంత తెలుసు? తెలిస్తే ఎందుకు ఊరుకున్నారు?

భూస్థాపన జరిగిన మరునాడు పలకరించడానికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కొండదారి సంగతి ఆమెకు చెప్పవలసి ఉందని అన్నాను. ఆమె చెయ్యి అడ్డుపెట్టారు.

"నాకు తెలీదనుకున్నారేటండి? పార్కులో సిమెంటు ఇటికలు. మరి ఆయన తెల్ల కేన్వాసు జోళ్లకి ఎర్రమట్టి ఎక్కడిదండి? పెతి శనోరం ఆయన నిద్రోయినప్పుడు కడిగి ఆరబెట్టీసేదాన్ని. నాకు తెలిసిపోనాదని తెలిస్తే ఆయన మానేస్తాడని బయం."

"మానేయమని చెప్పాలనిపించలేదా అమ్మా?"

"డాక్టరు నాతో ఇడిగా సెప్పేడండి. ఇంట్లో కూసోబెట్టినా అంతే, తిరిగినా అంతే అని. శనోరం దిగొచ్చినాక ఆయన మొగం సూసేదాన్ని. ఆ మొగం కోసం ఊరుకున్నాను." మళ్లీ అన్నారు: "ఆయన పెపంచాన్నంతా అనుమానించేడు కానండి, ఉతికిన జోళ్లు ఎవరుతికేరో ఏనాడూ అడగనేదు."

బయటికి వస్తూ అరుగు మెట్టు మీద చూశాను. జోళ్లు అక్కడే ఉన్నాయి. ఆయన పోయే ముందరి శనివారం ఆమె మాకవరపాలెంలో అక్కగారింటికి వెళ్లి ఆదివారం రాత్రికి గాని తిరిగి రాలేదు. అందువల్ల ఆఖరి నడక మట్టి కడగకుండానే ఉండిపోయింది.

ఇప్పటికీ ఉంది. రోజూ ఉదయం నేను పత్రిక చదివే వేళకు ఆమె గుమ్మం ఊడుస్తారు. చీపురు ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. జోళ్ల చుట్టూ జాగ్రత్తగా ఊడుస్తారు. ఎండి, పెచ్చులూడి, మెట్టు మీద రాలిన ఆ ఎర్రమట్టిని మాత్రం కదిలించరు.