సురక పడని మచ్చ

నా మొగడు నార్సింగిల అద్దాల బిల్డింగులకు సెంట్రింగ్ పని చేసేటోడు. ఒంటి మీద ఎర్రగ మచ్చలు లేసినయి. దురద, పొట్టు రాలుడు. తామర అనుకొని మందుల షాపుల ఇచ్చిన ట్యూబే ఏండ్లకేండ్లు రాసినం. రాస్తే అణిగేటివి, ఆపితే మళ్ల లేసేటివి.

ఆఖరికి గచ్చిబౌలి దిక్కు పెద్ద దవాఖానకు పోయినం. ఆడ చర్మం కాన్సర్ల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఉంటది. మచ్చను వేలితోటి ఒత్తి చూసి, ఇది తామర లెక్క లేదన్నది. చిన్న ముక్క కోసి, మైనంల పెట్టి, పల్చగ చెక్కి మైక్రోస్కోపుల చూస్తదట. ట్యూబు రాస్తే రోగం దాక్కుంటదట, ముక్కల దొరకదట. “కొన్ని వారాలు ఏమీ రాయకండి. ఎర్రబడుతుంది, భయపడకండి. అప్పుడు రండి,” అన్నది.

మేం భయపడలే. రేకుల షెడ్లల్ల మా చుట్టూ ఉన్నోళ్లు భయపడ్డరు. మచ్చలు వీపంత పాకినయి. పెద్దరోగం అన్నరు, కుష్టన్నట్టు. నల్లా కాడ నా బిందెను కాళ్లతోటి తన్నిండ్రు. మేస్త్రి ఆయనను పనిలకు రానియ్యలే. పక్క గదిల ఉండే మా బావను, నా మొగని సొంత అన్నను, గూడ ఎల్లగొడతనన్నడు.

మా బావకు తెలిసిన వైద్యం సురకలే. మా ఊరి దిక్కు కామెర్లకైనా కడుపునొప్పికైనా ఇనుము కాల్చి ఒంటికి పెడతరు. ఆయితారం పొద్దున పొయ్యిల సలాక ముక్క పెట్టిండు. నేను నీళ్లకు పోయొచ్చేసరికి నా మొగని నోట్ల తువ్వాల కుక్కి, షెడ్లోళ్లు ఇద్దరు కాళ్ల మీద కూసున్నరు. తోలు కాలిన వాసన బయటికే వచ్చింది.

వద్దు బావా, డాక్టరమ్మ ముక్క తియ్యాలె అని ఒర్రిన.

“రోగమొస్తే మందిస్తరు గాని మందు బంద్ పెడతరా? ఆమె కొయ్యనీకె నా తమ్ముడేమన్న కోడా?” అన్నడు, ఇంకో మచ్చ మీద సలాక దించుకుంటనే.

ఆ చెయ్యిని కొరికిన. పండ్లు దిగి రక్తం నోట్లకొచ్చింది. మోచేత్తోటి గుద్దిండు, నా ముందటి పన్ను ఊడింది. పొయ్యిల మండే కట్టె గుంజి, అందినోని మొకం మీద కొట్టిన. అప్పుడు లేసిండ్రు. అప్పటికే వీపు, పొట్ట, చేతులు అన్నీ బొబ్బలే.

ఆటోల ఏసుకొని పోయిన. డాక్టరమ్మ ఆయన వీపు, పొట్ట, చేతులు తిప్పి తిప్పి చూసింది. కాలిన తోలుల ఏం కనవడదట. రోగమేందో తేలకుంట మందియ్యలేదట. పుండ్లు మానినంక మళ్ల మచ్చ లేసేదాక రోగం ఆగుతదా అన్నది. కాలని మచ్చ ఇంకెక్కడా లేదా అని అడిగింది.

ఆయన తల దించుకున్నడు.

“పిర్రల మీద ఉన్నది డాక్టరమ్మా,” అన్న నేను. “అంత కాల్చినా లుంగీ ఇప్పనియ్యలే ఈయన.”

ఈ రోగం శానామందికి ఆడనే మొదలైతదట, ఎండ తాకని కాడ. ఆమె తెర గుంజి, ముక్క కోసింది.

చర్మంల పుట్టే కాన్సరని తేలింది, లింఫోమా అంటరట. అంటుకునేది కాదట. బావను అంగీ పట్టి గుంజుకపోయి ఆమె ముందట మళ్ల చెప్పిపిచ్చిన.

“అయితే ఊకెనే కాల్చిన్నా?” అన్నడు.

డాక్టరమ్మ నా దిక్కు తిరిగింది. డబ్బాల నిలవెట్టి ఒంటికి లైటు పట్టే వైద్యమున్నది గాని, పుండ్లు మానేదాక పట్టొద్దన్నది. పుండ్లు చీము పట్టినయి. అవి మానేలోపు రోగం లోపలికి పాకి చంకల గడ్డ లేసింది. లైటు పట్టిండ్రు, సూదులిచ్చిండ్రు. కొన్నేండ్లు బతికిండు, పోయిండు.

కాల్చకుంటే ఉండేటోడా అని డాక్టరమ్మను అడిగిన. చెప్పలేనమ్మా అన్నది. ఆమెకు తెల్వదు. నాకూ తెల్వదు. అయినా పాడె ఎత్తనీకె మా బావ వంగినప్పుడు రొమ్ము మీద రెండు చేతులేసి నూకిన. రోడ్డు మీద ఎల్లెలకల పడ్డడు. ఎవ్వరు లేపలే.