నా చెవీ, కారు మీటరూ

మొన్న కారు కడుగుతూ వెనక చక్రం లోపలికి చెయ్యి పెడితే సెన్సరు తీగ వేలికి తగిలింది. చిన్న ప్లాస్టిక్ ముక్క, దానికి పురికొస లావున నల్లటి తీగ. తుడిచి వదిలెయ్యాల్సినదాన్ని పట్టుకుని అక్కడే గొంతుక్కూర్చున్నాను. "ఏందయ్యా, నడుం పట్టిందా?" అని మా ఆవిడ గుమ్మంలోంచి అడిగింది. మామూలు గొంతుతోనే అడిగింది, నాకు వినపడింది. అంతే, ఎక్కడెక్కడి సిగ్గూ మళ్ళీ ముఖం మీదికి వచ్చింది.

నేను బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాణ్ణి. నరసరావుపేట నుంచి అటు మాచర్ల దాకా, ఇటు ముప్పాళ్ళ దాకా నా బస్సు దుమ్ము రేపని రోడ్డు లేదు. నేను నడిపిన బస్సుల్లో స్పీడు మీటరు ఉన్నా లేనట్టే. ముల్లు ఒకసారి సున్నా మీద పడుకుందంటే ఇక మేం రిటైరయ్యేదాకా లేచేది కాదు. అందుకని చెవులతోనే బండి నడిపేవాళ్ళం. వేగం పెరిగేకొద్దీ గేరుబాక్సులోంచి సన్నటి కూత ఒకటి బయల్దేరుతుంది. అది మొదలైతే నలభై, అందులో మాటలు మునిగిపోతే అరవై. ఏ బండికైనా ఇంతేనని నా సిద్ధాంతం. కుర్ర డ్రైవర్లు నన్ను చెవి బాబాయ్ అనేవాళ్ళు. ఆ పిలుపుకి నేను ఎంత పొంగిపోయేవాణ్ణో చెప్పలేను.

జీవితమంతా సర్కారు బండి నడిపాను గాని, నాది అనుకోడానికి ఒక్క చక్రం లేదు. రిటైరయ్యాక నా చేతులతో నేనే ఒక కారు కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. తోడు మా భాయి. మా డిపోలోనే ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఇప్పుడు మా వీధి చివర షెడ్డు పెట్టుకున్నాడు. నన్ను అన్నా అంటాడు, మా ఆవిణ్ణి వదినా అంటాడు. చట్రం, ఫైబరు బాడీ కోయంబత్తూరు నుంచి విడివిడిగా లారీలో వచ్చాయి. ఇంజను ఏదో పాత కారుది. తలుపుల్లేవు, కాళ్ళెత్తి లోపలికి దిగాల్సిందే. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది కారా, చక్రాలొచ్చిన నీళ్ళ తొట్టా?" అంది. అని ఊరుకుందా, వీధంతా చెప్పి వచ్చింది.

అన్నీ కుదిరాయి గాని మీటరు దగ్గర పేచీ వచ్చింది. గేరుబాక్సు నుంచి మీటరుకి వెళ్ళే కేబులు బిగించే చోట చట్రం గొట్టం అడ్డమొచ్చింది. అప్పుడు భాయి ఈ సెన్సరు తెప్పించాడు. చక్రంతో పాటు తిరిగే ఇరుసుకి ఒక అయస్కాంతం బిళ్ళ అంటించి, దానికి ఎదురుగా సెన్సరుని కదలకుండా బిగించాలి. బిళ్ళ ఎదటికి వచ్చినప్పుడల్లా అది ఒక చుట్టు లెక్కేసుకుంటుంది. రెండింటికీ మధ్య సందు రూపాయి నాణెం పట్టేంత ఉంటే చాలు. పాత బస్సు సీటు ఇనప పట్టీ కోసి సెన్సరుకి పీట చేశాం. ఇక చక్రం చుట్టుకొలత మీటరుకి చెప్పాలి. అది ఎట్లా కొలవాలా అని మేం తలలు గోక్కుంటుంటే మా ఆవిడ టైరు కింద చిటికెడు ముగ్గుపిండి పోసి, "ఇప్పుడు నెట్టండి" అంది. టైరుకి అంటిన ముగ్గు ఒక చుట్టు తిరిగి మళ్ళీ నేల మీద పడింది. ఆ రెండు మచ్చల మధ్య దూరం ఆమె కుట్టుమిషను టేపుతోనే కొలిచి, భాయి ఆ అంకె మీటర్లోకి ఎక్కించాడు.

బండికి ఇంకా కాగితాలు రాలేదు గనక సాగర్ కాలవ కట్ట మీదికి తీసుకెళ్ళాం. కూత ఇంకా రాలేదు, అంటే నలభై లోపే. మీటరేమో యాభై దాటిందంటోంది. "నీ మీటరు కల్లు తాగినట్టుంది భాయ్" అని నవ్వాను. భాయి సందు సరిచేశాడు, బిళ్ళ మార్చాడు, తీగ మార్చాడు. మీటరు అదే పాట పాడింది.

"అన్నా, కళ్ళతో చూసి కొలిచిందేగా" అన్నాడు.

"నీ టేపు ఎన్నేళ్ళు బస్సు నడిపిందిరా? నా చెవికి తగ్గట్టు ఆ అంకె తగ్గించు."

భాయి నా ముఖంలోకి చూశాడు. తర్వాత మీటరు బటన్లు నొక్కాడు. అప్పట్నించి మీటరు నా మాట వినడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర, "భాయి బిగించాడు, నేను బుద్ధి చెప్పాను" అని నలుగుర్నీ నవ్వించాను. వాళ్ళతో పాటు భాయి కూడా నవ్వాడు.

ఆ వారంలోనే ముగ్గురం మళ్ళీ కట్ట మీదికి వెళ్ళాం. నేనూ మా ఆవిడా ముందు, వెనక ఇరుకులో భాయి. మీటరు నలభై చూపిస్తోంది. "చూశావే, కూత ఇంకా అందుకోనేలేదు. ఇప్పుడు మీటరుకి బుద్ధొచ్చింది" అన్నాను. ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది. సంబరమనుకున్నాను. మలుపు తిరగ్గానే కట్టకి అడ్డంగా మేకలు. వాటి ముందు ఒకావిడ కర్ర ఎత్తి నిలబడింది. ఆమె నోరు తెరుచుకోవడం కనపడింది గాని గొంతు వినపడలేదు. బ్రేకు మీద లేచి నిలబడ్డాను. బండి అడ్డం తిరిగి, ముందు చక్రం కాలవ అంచు మట్టి రాల్చి ఆగింది. ఒక మేకపిల్ల బంపరు కింద నుంచి లేచి పారిపోయింది.

ఆమె దగ్గరకొచ్చింది. ఈసారి వినపడింది. "చెవుడా ఏందయ్యా నీకు? ఆ మలుపు కాడ్నించి గొంతు చించుకుంటన్నా. నీ బండిలో వాళ్ళు కూడా అరుస్తానే ఉండారు గదా!"

మా వైపు ఆ తిట్టుకి పెద్ద విలువ లేదు. దారివ్వని ప్రతివాణ్ణీ చెవుడా అంటారు. అయినా నన్ను ఎవరైనా పల్లెత్తు మాటంటే మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు, భాయి అంతకంటే ముందు దూకుతాడు. నేను వాళ్ళ కోసం చూశాను. మా ఆవిడ పైట సర్దుకుంటోంది. భాయి కాలవలోకి చూస్తున్నాడు. ఎవరూ నా తరఫున ఒక్క మాట అనలేదు. అప్పుడు నాకు అర్థమైంది.

"కూత వచ్చిందా?" అని అడిగాను.

"బయల్దేరినకాడ్నించి వస్తానే ఉందయ్యా. చెవులు గింగురుమంటన్నయ్యి" అంది మా ఆవిడ.

"మరి చెప్పరేంది?"

"చెప్తానే ఉన్నాం" అంది. మెల్లిగా అన్నట్టుంది, ఆ మాట పెదాలు చూసి తెలుసుకున్నాను.

మేకలావిడ ముందు కాదు, ఆ ఇద్దరి ముందు సిగ్గుతో చచ్చిపోయాను. వయసు మీద పడి మా ఆవిడ గొంతు పెరిగిందనుకునేవాణ్ణి, గయ్యాళిదైందని విసుక్కునేవాణ్ణి కూడా. భాయి మాట్లాడాల్సి వస్తే ఎందుకు నా ముందుకొచ్చి నిలబడతాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇల్లంతా, వీధంతా నా కోసం అరుస్తుంటే నేను నా చెవి గొప్ప చెప్పుకుంటూ తిరిగాను. ఇంకొంచెం ఉంటే ఇద్దర్నీ కాలవలో కలిపేవాణ్ణి. దిగి, తాళం భాయి చేతిలో పెట్టాను. షెడ్డుకొచ్చాక, "టేపు లెక్కే పెట్టెయ్" అన్నాను, అతని వైపు చూడకుండా. అతను చుట్టు తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడి, "పెడతాలే అన్నా. టీ తాగుదాం పదా" అని గట్టిగా అన్నాడు. ఆ రోజు టీకి వెళ్ళలేకపోయాను. కొట్టు దగ్గర అన్న మాట అక్కడే వెనక్కి తీసుకోవడానికి చానాళ్ళు పట్టింది.

ఇప్పుడు చెవిలో చిన్న మిషను ఉంది. కారు కదిలిన కాసేపటికే కూత అందుకుంటుంది, అప్పటికి మీటరు ఇరవై ఐదు కూడా చూపించదు. మా ఆవిడ గొంతు పెళ్ళినాటి గొంతే, ఏమీ మారలేదు. కాలం చప్పుడు చెయ్యకుండా పోతుందంటారు. మా ఇంట్లో అది చప్పుడు చేసుకుంటూనే పోయింది. అందరికీ వినపడింది, నాకు తప్ప.