రోబో బొమ్మ దాచుకుని రాజమండ్రి వెళ్లిన రోజు

మా అమ్మాయి మేఘన తొమ్మిదో తరగతి. స్కూలు పిల్లల రోబోటిక్స్ పోటీకి పేరిచ్చింది. కాలువల్లో పేరుకునే గుర్రపుడెక్కను తీసేసే చిన్న రోబో తయారుచేయాలి. పోటీకి నెల ముందు పిల్లలంతా రాజమండ్రిలో కలిసి, తమ తొలి ఆలోచనలను ఒకరికొకరు చూపించుకునే రోజొకటి పెట్టారు. వెళ్లనని మేఘన మొండికేసింది. "చూపిస్తే కాపీ కొట్టేస్తారు నాన్నా!" మా రొయ్యల చెరువులో గాలి కలిసేలా నీళ్లు చిలికే ఏరేటర్ చక్రాలను గంటలకొద్దీ చూసి, అలాంటి చక్రానికి పళ్లు పెడితే డెక్కను పైకి లాగొచ్చని గీసుకున్న బొమ్మ అది. "రా తల్లీ, చూపించాలో వద్దో అక్కడికెళ్లాక నువ్వే చెప్పు" అన్నాను.

భీమవరంలో ఉదయం ఆరింటికి కారెక్కాం. అద్దె రానూపోనూ మూడువేల ఎనిమిది వందలు. సిద్ధాంతం మీదుగా రావులపాలెం చేరేసరికి ఏడున్నర. అక్కడ హైవే వదిలి ఆత్రేయపురం దారి పట్టాం. ఇరుకు దారే గాని, కాలువ పక్కన చల్లగా సాగుతుంది. ఆత్రేయపురంలో ఒకావిడ పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద పరిచి, చటుక్కున లాగి పూతరేకు తీస్తోంది. మేఘన కాసేపు చూసి, "ఇలా అందరి ముందూ చేస్తే నేర్చేసుకోరా అండి?" అని అడిగింది. ఆవిడ నవ్వింది. "నేర్చుకోనీ అమ్మా. చెయ్యి కుదరడానికి నాకే మూడేళ్లు పట్టింది." చిరిగిన రేకులో బెల్లం చల్లి మా అమ్మాయి చేతికిచ్చింది. మేఘన తిన్నది గాని, బొమ్మ ఉన్న ఫైలు మీంచి చెయ్యి తీయలేదు.

ధవళేశ్వరం బ్యారేజీ దాటేటప్పుడు డ్రైవర్ సత్యంగారు వేగం తగ్గించారు. "ఇక్కడ ఆపకూడదండి. నెమ్మదిగా పోనిస్తాను, పాపని గోదావరి చూడమనండి" అన్నారు. తొమ్మిదిన్నరకి రాజమండ్రిలో ఉన్నాం.

హాల్లో పన్నెండు మంది పిల్లలు. ఐదుగురు చూపించాక మేఘన తనంతట తనే లేచింది. బొమ్మ చూడగానే చప్పట్లు మోగాయి. అంతలో పిఠాపురం నుంచి వాళ్ల అమ్మమ్మతో వచ్చిన ఏడో తరగతి దివ్య చెయ్యెత్తింది. "వేర్లు చక్రానికి చుట్టుకుపోతే ఏం చేస్తావక్కా?" మేఘన తన బొమ్మకేసి చూసుకుంది. మొహం ఎర్రబడింది. నాకు వెళ్లి పక్కన నిలబడాలనిపించింది, ఆగాను. భోజనాల దగ్గర పప్పన్నం కలుపుతూ, "దువ్వెన లాంటిది పెడితే వేర్లు ఊడొస్తాయి నాన్నా. ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు" అంది.

తిరిగి హాల్లోకి వెళ్తే పిల్లలు తమ బొమ్మలు మార్చి గీసుకుంటున్నారు. చాలామంది కాగితాల మీద చక్రాలే. లెక్కపెడితే ఏడు. "చెప్పానా!" అంది మేఘన, ఏడుపు ఆపుకుంటూ. అప్పుడే దివ్య ఒక మూల కూర్చుని తన బొమ్మను చెరిపేస్తూ కనిపించింది. దగ్గరికెళ్లాం. కాలువ రెండు గట్ల మీదా రెండు బుల్లి బండ్లు, మధ్యలో నీళ్ల మీద తాడు. బండ్లు కదులుతుంటే తాడు డెక్కను నెట్టుకుపోతుంది.

"ఎందుకు చెరుపుతున్నావు?" అని అడిగింది మేఘన.

"అందరూ చక్రాలే వేస్తున్నారు కదక్కా. నాది అసలు రోబోలాగే లేదు."

మేఘన ఆ పిల్ల చేతిలోంచి రబ్బరు తీసేసుకుంది. "వేర్లు చుట్టుకుంటాయని అడిగింది నువ్వే కదా? నీ తాడుకి ఆ బాధే లేదు. మళ్లీ గియ్యి." చెరిగిపోయిన గీతల జాడ మీదే ఇద్దరూ కలిసి గీశారు.

నెల తర్వాత పోటీ జరిగింది. దువ్వెన పెట్టిన మేఘన చక్రం ఎక్కడా ఆగకుండా తిరిగింది గాని బహుమతి రాలేదు. దివ్య తాడుకి రెండో బహుమతి వచ్చింది. ఆలోచన చూపిస్తే పోతుందని మా అమ్మాయి భయపడింది. చూపించినందుకే దానిలో లోపం తెలిసింది, నిజమే. కానీ పదిమందివీ చూశాక తమది వదిలేసుకునే పిల్లలూ ఉంటారని, పోయేది ఎక్కువగా అలాంటి ఆలోచనలేనని నాకు ఆ మూల కూర్చున్న పిల్లను చూశాకే అర్థమైంది. మేఘన నాకన్నా ముందే గ్రహించింది.

మీరూ పిల్లల్ని ఇలాంటి చోటికి తీసుకెళ్తుంటే, బయల్దేరే ముందు వాళ్ల బొమ్మను ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. అక్కడ మనసు మార్చుకున్నా, మొదట తామేం అనుకున్నారో మళ్లీ చూసుకోవడానికి ఉంటుంది.