సత్తెమ్మ చిగుళ్ల పొర

కరోనా మాస్కులు జనం ముఖాల మీంచి దిగిపోయిన మరుసటి ఏడాది. మలక్‌పేటలో నా దంతవైద్యశాలకు ఎక్కువమంది పిప్పిపళ్లు, కట్టుడు పళ్లు, పిల్లల క్లిప్పుల కోసం వస్తారు. ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం గౌలిపుర నుంచి సత్తెమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇంట్లో బర్రెలున్నాయి, పాలు పితికేదీ, ఇంటింటికీ పోసేదీ ఆమే. వెంట భర్త రాజయ్య ఉన్నాడు.

"కారం తగిల్తె నిప్పు వెట్టినట్టయితుంది డాక్టరమ్మా. ఎండకాలం సంది సప్పిడి మెతుకులే తింటున్న," అంది. అంతకుముందు ఇంకోచోట పళ్లు క్లీనింగ్ చేయించుకుంది, పుక్కిలించే మందు వాడింది. గుణం కనిపించలేదు.

పళ్ల మీద గార పెద్దగా లేదు. చిగుళ్లు మాత్రం పచ్చిపుండులా ఉన్నాయి. దూదితో మెల్లగా అద్దితే పై పొర పాల మీద మీగడలా జరిగి వచ్చేసింది. మామూలు చిగుళ్ల వాపులో అలా జరగదు.

"కండ్లు ఎట్లున్నయమ్మా?" అని అడిగాను.

"పండ్ల కాడికొస్తె కండ్లనడుగుతున్నవు?" అని నవ్వి, "ఇసుక వడ్డట్టు గరగర అంటున్నయి," అంది.

బయాప్సీ కోసం చిగురు నుంచి రెండు చిన్న ముక్కలు తీశాను. ఒకటి మామూలు పరీక్షకు. రెండోది ఇమ్యునోఫ్లోరసెన్స్‌కు, అంటే ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు ఎక్కడ అంటుకున్నాయో మెరిసే రంగుతో చూపే పరీక్షకు.

చర్మానికైనా, నోటి లోపలి చర్మానికైనా పైభాగానికీ అడుగుభాగానికీ మధ్య బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలో ఉండి పైకణాలను అడుగుభాగానికి పట్టి ఉంచే ప్రోటీన్లలో లామినిన్ ఒకటి. అందులో చాలా రకాలున్నాయి. కండరాల్లో ఒకటి, కిడ్నీ వడపోతలో మరొకటి. చర్మం, నోరు, కంటి పొరల్లో పట్టునిచ్చేది లామినిన్ 332. సత్తెమ్మ చిగురు ముక్కలో యాంటీబాడీలు సరిగ్గా ఆ పల్చటి పొర వెంబడి గీత గీసినట్టు మెరిశాయి. తర్వాత రక్తంతో చేసిన పరీక్షల్లో, అవి దాడి చేస్తున్నది లామినిన్ 332 మీదేనని తేలింది. ఆమె ఒళ్లే ఆమె పొరల పట్టు వదిలిస్తోందన్నమాట.

రిపోర్టు పంపిన పాథాలజిస్టు ఫోన్‌లో మరో మాట అన్నారు. "ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లలో కొందరికి ఒంట్లో ఎక్కడో క్యాన్సర్ దాగి ఉంటుంది. అందరికీ కాదు. కానీ వెతకాలి."

భార్యాభర్తలిద్దరినీ పిలిపించి కూర్చోబెట్టాను. కంటి డాక్టరును, చర్మం డాక్టరును వెంటనే కలవాలన్నాను. ఊపిరితిత్తులు, పేగులు, గర్భసంచి కూడా చూపించుకోవాలని చెప్పాను.

రాజయ్యకు కోపం వచ్చింది. "నోట్ల పుండయితె కడుపు సూసుడేంది మేడం? లేని రోగం తగిలియ్యకుండ్రి. లే సత్తెమ్మా, పోదాం."

"ఏం లేకపోవచ్చన్నా. లేదని తెలిస్తే ఫికర్ ఉండదు. ఉంటే ఇప్పుడే తెలవాలె," అన్నాను.

అతను లేచి నిలబడ్డాడు. సత్తెమ్మ లేవలేదు.

"నువ్వు జర బయట కూసో," అంది భర్తతో. అతను వెళ్లి తలుపు పడ్డాక కుర్చీ నా వైపు జరుపుకుంది.

"గర్భసంచి అన్నవు గద. నాకు ముట్లు ఆగి ఏండ్లాయె. మల్ల ఎరుపు కనవడుతుంది. వయసుల గిట్లయితదేమో అనుకున్న. ఎవ్వలికి చెప్పలే, ఆయనకు గూడ."

"ఎప్పటి నుంచి?"

"నోరు మండుడు కంటె ముందుకెల్లి."

ముట్లు ఆగిపోయాక వచ్చే రక్తస్రావాన్ని వయసు మీదికి నెట్టేయకూడదని చెప్పి, ఆమె ఎదురుగానే ఒక స్త్రీల వైద్యురాలికి ఫోన్ చేశాను. రాజయ్యకు నేను చెప్పనా అని అడిగితే, "వద్దు, నేనే చెప్త," అంది. రెండ్రోజుల తర్వాత అతనే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ ఉంది. బయటికి ఇంకా పాకలేదు. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. తర్వాత చర్మం డాక్టరు ఇచ్చిన మందులతో నోరు నెమ్మదిగా మానింది. క్యాన్సర్ వల్లే ఆ యాంటీబాడీలు పుట్టాయని ఎవరూ ఖాయంగా చెప్పలేదు, నేనూ చెప్పను. ఎడమ కంటి కింది రెప్ప మాత్రం అప్పటికే లోపల కొంత కనుగుడ్డుకు అతుక్కుపోయింది. అది విడలేదు. ఆ కంట్లో చుక్కలు వేసుకోవడం ఆమెకు ఇక తప్పదు.

లామినిన్ రిపోర్టు నన్ను వెతకమంది. ఎక్కడ వెతకాలో సత్తెమ్మ చెప్పింది, అదీ భర్తను తానే బయటికి పంపాక. అప్పటి నుంచి ఎవరి చిగుళ్లు చూసినా, వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమంటున్నాను. చాలామంది ఏమీ చెప్పరు, నోరు తెరిచి కుర్చీలో వెనక్కి వాలతారు. ఎప్పుడో ఒకరు మాత్రం తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి మొదలుపెడతారు.